అంత్యదినాలు, నిబంధన: అపోహలు - వాస్తవాలు

పాత నిబంధన పాఠాలు చెప్పే నాకు ఎక్కడ యుద్ధం మొదలైనా ఫోన్లు వస్తాయి. "అయ్యగారూ, అంత్యదినాలు వచ్చేసినట్టేనా?" అడిగేవాళ్ల గొంతులో భయం నాకు తెలుసు. అందుకే ప్రవక్తలు నిజంగా ఏమన్నారో చెప్పాలనిపిస్తుంది.

అపోహ: నిబంధన అంటే షరతుల పట్టిక.

మన వాడుకలో నిబంధన అంటే రూలే కాబట్టి ఈ పొరపాటు సహజం. హీబ్రూ మాట 'బెరీత్'. దాన్ని చేయరు, 'కోస్తారు'. దాసులను విడిచిపెడతామని ఒప్పుకుని మళ్లీ పట్టుకున్న యెరూషలేము పెద్దల సంగతి ప్రవక్త యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయంలో ఉంది. వాళ్లు దూడను రెండుగా కోసి, ఆ ముక్కల నడుమ నడిచి మాటిచ్చినవాళ్లు. మాట తప్పితే మా గతీ ఇంతేనని దానర్థం. మరి దేవుడు అబ్రాముతో నిబంధన చేసిన ఆదికాండము 15లో? ముక్కల మధ్య నడిచింది అబ్రాము కాదు, రాజుచున్న పొయ్యి, అగ్నిజ్వాల. అవి దేవుడి సన్నిధికి గుర్తు. అంటే దేవుడే పూచీ పడ్డాడు. ఆజ్ఞలు లేవని కాదు, వాటికన్నా ముందు బంధం ఉంది.

అపోహ: కొత్త నిబంధన ఇశ్రాయేలును పక్కన పెట్టేసింది.

యిర్మీయా 31:31 చదవండి. కొత్త నిబంధన చేస్తానని దేవుడు చెప్పిందే ఇశ్రాయేలువారితో, యూదావారితో.

అపోహ: అంత్యదినాలంటే లోకం కాలిపోవడమే.

యెహోవా దినం వెలుగు కాదు, చీకటి అని ఆమోసు గట్టిగానే హెచ్చరించాడు. కానీ యెషయా 2లో అంత్యదినాల్లో ఖడ్గాలు నాగటి నక్కులవుతాయి. 'అంత్య' అని మనం చదివే చోట హీబ్రూ మాట 'అహరీత్'. దానికి అర్థం చివర మాత్రమే కాదు, రాబోయే కాలం కూడా. బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలో (యిర్మీయా 29) యిర్మీయా ఆ మాట పక్కనే 'తిక్వా' అన్నాడు. దాని ధాతువుకు ఎదురుచూడటమనే అర్థం. మనవాళ్లు 'నిరీక్షణ' అని అనువదించడం ఎంత చక్కగా కుదిరిందో!

ఆ నిరీక్షణ ఎలా ఉంటుందో 32వ అధ్యాయంలో కనిపిస్తుంది. యెరూషలేము చుట్టూ బబులోను సేన. యిర్మీయా చెరసాల ప్రాకారంలో బందీ. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో పొలం కొనమన్నాడు. ఎవరైనా కొంటారా? యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులను పెట్టాడు, క్రయపత్రం రాసి ముద్ర వేశాడు. పత్రాలు చాలాకాలం పాడవకుండా మట్టికుండలో దాచమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు.