ఓడెక్కిన ముత్తాతను వెతకడం: అపోహలు - వాస్తవాలు

మద్రాసులో బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అది మొదలు 1911 దాకా డర్బన్ ఉన్న నేటాల్ అనే బ్రిటిష్ కాలనీకి, ముఖ్యంగా అక్కడి చెరకు తోటల్లో పనికి, ఒప్పందం మీద వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది ఎక్కింది మద్రాసులోనే. వాళ్లలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ కుటుంబాల్లో ఇప్పుడు ఐదో తరం, ఆరో తరం నడుస్తోంది. “మా ఊరేదో కనుక్కుని చెప్పగలరా?” అని వాళ్లు అడుగుతారు. వెతికిపెట్టడం నా పని. ఉండేది విశాఖలో.

నిజం చెప్పాలంటే వెతకడానికి పట్టే టైమ్ కంటే, అటు వాళ్లూ ఇటు మనవాళ్లూ ముందే గట్టిగా నమ్మేసిన మాటల్ని విడదీయడానికే నాకు ఎక్కువ టైమ్ పడుతుంది. వాటిలో తరచూ వినేవి ఇవి.

అపోహ: “మా ఇంటిపేరు నాయుడు. ఆ ఇంటిపేరున్న ఊరు చూపిస్తే చాలు.”

మనకి నవ్వొస్తుంది గానీ, డర్బన్‌లో పుట్టినవాళ్ల పాస్‌పోర్టులో ఉన్న సర్‌నేమ్ అదే. అక్కడ నాయుడు, రెడ్డి, చెట్టి అన్నీ సర్‌నేమ్‌లే. మనం ఇంటిపేరు అనుకునేది వేరు. ఓడ రిజిస్టర్లో దానికి అసలు గడే లేదు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలూ గాట్లూ... ఇవి రాసుకున్నారు. ఇంటిపేరు అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు.

కాలనీలో పిల్లలు పుట్టి, పెళ్లిళ్లు చేసుకుని, స్థలాలు కొనుక్కునేసరికి సర్‌నేమ్ రాయాల్సి వచ్చింది. కొందరు కులానికి గౌరవంగా తగిలించుకునే మాట రాయించారు. కొందరు తండ్రి పేరే రాయించారు. అందుకే ఒకే తల్లి పిల్లల్లో అన్న నాయుడు, తమ్ముడు అప్పలసామి అయి కూర్చున్న కుటుంబాలున్నాయి. వాళ్ల మనవలు ఒకరికొకరు ఏమీ కారనుకుంటూ పక్క వీధుల్లో బతికేస్తారు. ఇంకో సంగతి. నాయుడు అని రాయించుకున్నవాళ్లందరిదీ ఒకే కులం కాదు. ఓడ రిజిస్టర్లో కులం గడి తెరిచి చూస్తే వేరే మాట కనబడొచ్చు. అది నచ్చనివాళ్లుంటారు. అందుకే పని ఒప్పుకునే ముందే అడుగుతాను: కనబడింది కనబడినట్టు చెప్పమంటారా, వద్దా?

సరే, ఇంటిపేరు కాకపోతే ఏది పట్టుకోవాలి? నంబరు. నేటాల్‌కి వెళ్లిన ప్రతి కూలీకీ ఒక కలోనియల్ నంబరు ఉంటుంది. పాత పెళ్లి కాగితాల మీద, పుట్టిన సర్టిఫికెట్ల మీద, ఒప్పందం పూర్తయ్యాక ఇచ్చిన కాగితం మీద అది కనిపిస్తుంది. ట్రంకుపెట్టెలో లేకపోతే దక్షిణాఫ్రికాలోని పీటర్‌మరిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో వలస శాఖ కాగితాలున్నాయి, చనిపోయినవాళ్ల ఆస్తి ఫైళ్లున్నాయి. నంబరు దొరక్కుండా నేను ఇక్కడ ఊళ్లు తిరగను. ఒకప్పుడు తిరిగాను, డీజిల్ ఖర్చు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంకొకటి, ముత్తాత నంబరు ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. 100 మంది మగవాళ్లకి 40 మంది ఆడవాళ్లు ఉండాలని నియమం ఉండేది. ముత్తవ్వకీ సొంత నంబరుంది, రిజిస్టర్లో సొంత వరుసుంది. ఆయన వరుసలో ఊరు అలికిపోయినా ఆవిడ వరుసలో శుభ్రంగా ఉండొచ్చు. ఇద్దరిదీ ఒకే ఊరని మాత్రం అనుకోవద్దు, ఓడెక్కే ముందు కూలీల్ని ఉంచే డిపోలో కలిసిన జంటలూ ఉన్నాయి.

అపోహ: “తెల్లదొరలు పేర్లన్నీ పాడుచేశారు. ఇక ఏం దొరుకుతుంది?”

పాడుచేసింది తెల్లదొర ఒక్కడే కాదు. మనిషి విశాఖ యాసలో ఊరు పేరు చెప్తాడు. మద్రాసు డిపోలో తమిళం మాట్లాడే గుమాస్తా దాన్ని తన చెవితో వింటాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాడు. దాన్ని ఇంకొకడు కాపీ చేస్తాడు. ఇన్ని చేతులు మారినా, చెవికి విన్నట్టే రాశారు కాబట్టి దాన్ని మళ్లీ చెవితోనే పట్టుకోవాలి. కంటితో చదివితే ఏమీ కాదు. పైకి చదవాలి, వీలైతే ఆ ప్రాంతం పెద్దవాళ్ల ముందు.

ఉదాహరణకి రిజిస్టర్లోని ఒక వరుస చెప్తాను. వివరాలు కొద్దిగా మార్చాను. పేరు అప్పన్న, తండ్రి సన్యాసి, వయసు 22, జిల్లా ‘వైజాగపటం’, తాలూకా ‘సర్వసిడ్డి’, ఊరు ‘రేయవరం’. ఎడమ మోకాలి మీద గాటు.

రాయవరాలు మనకి చాలా ఉన్నాయి. తూర్పు గోదావరి వైపు పెద్దదే ఒకటుంది. ఆ కుటుంబం ఇంటర్నెట్‌లో దాన్నే పట్టుకుని, గూగుల్ మ్యాప్‌లో గుడి కూడా చూసుకున్నారు. కానీ ఇక్కడ తాళంచెవి తాలూకా పేరులో ఉంది. సర్వసిద్ధి అనే తాలూకా ఇప్పుడు లేదు. అప్పట్లో దాని కచేరీ ఎలమంచిలిలో ఉండేది. అనకాపల్లి జిల్లాలో ఎస్.రాయవరం అని పిలిచే ఊరుంది కదా, గురజాడ అప్పారావు గారు పుట్టిన ఊరు. ఆ ‘ఎస్’ సర్వసిద్ధే. పోయిన తాలూకా ఆ ఒక్క అక్షరంలో మిగిలింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గొలుగొండ తాలూకా అంటే నర్సీపట్నం వైపు, వీరవల్లి తాలూకా అంటే చోడవరం వైపు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, ఎల్లోర్ అంటే ఏలూరు, కోకనాడ అంటే కాకినాడ. కాగితాల్లో ‘జెంటూ’ అని కనబడితే కంగారు పడొద్దు, ఆ కాలం ఇంగ్లిష్‌లో మన తెలుగే అది.

ఊరు గడి పూర్తిగా చెదలు తినేసినా మనిషి పేరే కొంత దారి చూపిస్తుంది. అప్పన్న, అప్పలసామి, అప్పలరాజు, సింహాద్రి అంటే సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే ఉత్తరాంధ్ర. పైడి అంటే విజయనగరం పైడితల్లి గుర్తొస్తుంది. పెంచలయ్య అంటే పెంచలకోన, అంటే నెల్లూరు వైపు. ఇది సాక్ష్యం కాదు, ఏ వైపు బస్సెక్కాలో చెప్పే సైగ అంతే.

అపోహ: “రిజిస్టర్లో నార్త్ ఆర్కాట్ అని ఉంది, అంటే మేం తమిళులం.” “గంజాం అని ఉంది, అంటే ఒడియా వాళ్లం.”

నా దృష్టిలో ఎక్కువ కుటుంబాలు దారి తప్పేది ఇక్కడే. జిల్లా పేరు చూసి భాష తేల్చేస్తారు. ఓడెక్కిన నాటి జిల్లా వేరు, నేటి జిల్లా వేరు.

చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంటే నేటాల్‌కి ఓడలు ఆగిపోయిన ఏడాది. అంతకుముందు చిత్తూరు, తిరుపతి, కాళహస్తి అన్నీ నార్త్ ఆర్కాట్ జిల్లాలోవే. ఆ జిల్లా కచేరీ ఉన్నదే చిత్తూరులో. కాబట్టి నార్త్ ఆర్కాట్ అంటే సగం తలుపు తమిళం వైపు, సగం తెలుగు వైపు తెరిచి ఉన్నట్టు. తాలూకా చూడకుండా ఏమీ చెప్పలేం.

గంజాం కూడా అంతే. అది ఒడిశాలో కలిసింది 1936లో. ఆ కాలంలో శ్రీకాకుళం గంజాం జిల్లాలోదే. శ్రీకాకుళం విడి జిల్లా అయ్యింది 1950లో. విజయనగరం జిల్లా 1979 దాకా లేదు, గుంటూరు 1904 దాకా లేదు. 2022లో మళ్లీ జిల్లాలు చీల్చేసరికి నా పాత నోట్సులన్నీ దిద్దుకోవాల్సి వచ్చింది. నా గోడ మీద 1900 ప్రాంతపు తాలూకాల పటం ఒకటి, ఇప్పటి మండలాల పటం ఒకటి పక్కపక్కన ఉంటాయి. ఈ పనిలో నాకున్న అసలు పరికరాలు ఆ రెండే.

ఇక “మేం మద్రాసు నుంచి వచ్చాం” అని తరతరాలుగా చెప్పుకునే మాట. వాళ్లు ఓడెక్కింది అక్కడ. పుట్టింది అక్కడ కాదు.

అపోహ: “ఊరు తెలిసిందిగా, తహసీల్దార్ ఆఫీసులో అడిగితే వంశం మొత్తం బయటపడుతుంది.”

ఈ మాట ఎక్కువగా మనవాళ్లే అంటారు. మన రెవెన్యూ రికార్డులు భూమిని గుర్తు పెట్టుకుంటాయి, మనుషుల్ని కాదు. పట్టా ఉంటే పేరుంటుంది. ఓడెక్కినవాళ్లలో పట్టా ఉన్నవాళ్లు ఎంతమంది?

పైగా ప్రాంతాన్ని బట్టి తేడా ఉంది. సర్వసిద్ధి లాంటి సర్కారు తాలూకాల్లో సర్వే, సెటిల్‌మెంట్ రిజిస్టర్లు పాతవి ఉంటాయి. విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల్లో రైతు కట్టేది జమీందారుకి, లెక్కలు ఉండేది జమీందారు దివాణంలో. 1948 చట్టంతో జమీందారీలు పోయాకే ఆ ఊళ్ల భూములు సర్కారు రికార్డుల్లోకి సరిగ్గా ఎక్కాయి. 1880లో ఊరొదిలి వెళ్లిన మనిషి 1950ల రిజిస్టర్లో ఎలా ఉంటాడు? అతని అన్నదమ్ముల మనవలు ఉండొచ్చు, ఇంటిపేరు తెలిస్తేనే పట్టుకోగలం. తిరిగి తిరిగి మళ్లీ ఇంటిపేరు దగ్గరికే వస్తాం.

జనాభా లెక్కలు? మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో తీశారు గానీ, ఇంటింటికీ రాసిన కాగితాలు దాచలేదు. మిగిలినవి పట్టికలే. ఇంగ్లండులోలాగా ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకునే సౌకర్యం మనకి లేదు. పుట్టుక, చావు రిజిస్టర్లకి మద్రాసు చట్టం వచ్చింది 1899లో, అప్పటికి సగానికి పైగా ఓడలు వెళ్లిపోయాయి.

ఒక ఆఫీసులో పాత రిజిస్టరు చూడ్డానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి తాళంచెవి లేదు. రెండోసారి తాళంచెవి ఉన్నాయన సెలవు. మూడోసారి రికార్డు రూము తెరిచారు. ఆ రిజిస్టరు బీరువా కింద, కాలు విరిగిన చోట ఎత్తుగా పెట్టి ఉంది. తీస్తే బీరువా పడుతుందన్నారు. నేనే పక్క షాపుకి వెళ్లి రెండు ఇటుకలు తెచ్చాను.

రాత లేని చోట నోటి మాట కొంత పనికొస్తుంది. కొన్ని కులాలకి వంశావళి చెప్పేవాళ్లుండేవారు. పిచ్చుకగుంట్లవారు ఇంటింటికీ వచ్చి గోత్రం, ఇంటిపేరు, తాతముత్తాతల పేర్లు పాడేవారు. ఇప్పుడు ఆ విద్య తెలిసినవాళ్లు తగ్గిపోయారు. ఉన్నవాళ్లు కూడా, పోషించే ఇంటివాళ్ల వరసే చెప్తారు తప్ప ఊరొదిలి వెళ్లినవాడి కొమ్మ చెప్పరు. అయినా అడగడం మానను.

అపోహ: “మా తాతని ఎత్తుకుపోయి ఓడెక్కించారు.” లేదా: “మా తాత రాజుల బిడ్డ, అలిగి వెళ్లిపోయాడు.”

ప్రతి కుటుంబంలో ఈ రెండిట్లో ఒకటి ఉంటుంది. మాయమాటలు చెప్పి పంపిన మేస్త్రీలు, అంటే కూలీల్ని పోగుచేసేవాళ్లు, ఉన్నారు, అబద్ధం కాదు. కానీ 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాలు మాడిపోయినప్పుడు నెలకి పది షిల్లింగుల జీతం, తిండి అంటే ఎవరూ ఎత్తుకుపోనక్కర్లేదు. ఒకే ఊరి నుంచి వరుస నంబర్లతో నలుగురైదుగురు కనబడితే వాళ్లు కూడబలుక్కుని వెళ్లారనే అనుకుంటాను. రాజుల బిడ్డ ఇప్పటిదాకా ఒక్కడూ దొరకలేదు.

అపోహ: “వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు.”

చాలామంది వచ్చారు. నేటాల్ ప్రభుత్వం 1895లో చట్టం చేసి, ఒప్పందం అయిపోయాక తిరిగి వెళ్లని, మళ్లీ ఒప్పందం రాయనివాళ్ల మీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసింది. అది పోయింది 1914లో. అటు పన్ను కట్టలేక వచ్చి, ఇటు ఊళ్లో ఇమడలేక మళ్లీ ఓడెక్కినవాళ్లూ ఉన్నారు. అలాంటి మనిషి రెండు నంబర్లతో, రెండు వయసులతో కనబడి ఇద్దరు మనుషులై కూర్చుంటాడు. వయసు నమ్మకండి, గాటు నమ్మండి.

అపోహ: “డీఎన్ఏ టెస్టు చేయిస్తే ఊరు చెప్పేస్తుంది.”

చెప్పదు. అదే టెస్టు చేయించుకున్న బంధువులుంటే చూపిస్తుంది. మన పల్లెల్లో ఎవరు చేయించుకున్నారు? పైగా మేనరికాల వల్ల దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనబడతాడు.

అపోహ: “ఊరు దొరికితే చుట్టాలు దొరికినట్టే.”

ఇందాక చెప్పిన అప్పన్న మునిమనవరాలు వచ్చింది. రిటైరైన టీచరు. తెలుగు నాలుగైదు మాటలు వచ్చు, “అమ్మమ్మ”, “ఉప్పు”, “రా తల్లీ”. మేం రామాలయం అరుగు మీద కూర్చుని అడిగాం. ఒక పెద్దాయన చాలాసేపు విని, నన్ను పక్కకి పిలిచి, “ఏటి బాబూ, బూమి గానీ అడగడానికొచ్చిందేటి?” అన్నారు. కాదని నమ్మించడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఆయనే చెప్పారు, వాళ్ల తాత తోబుట్టువు ఒకాయన రంగం పోయి మళ్లీ రాలేదని. మన దగ్గర సముద్రం దాటినవాడెవడైనా రంగమే పోయినట్టు చెప్తారు. అది రంగూనే కావచ్చు, నేటాలూ కావచ్చు. ఆయన పేరేమిటంటే గుర్తు లేదన్నారు.

ఆవిడ డర్బన్ వెళ్లిపోయిన నెల తర్వాత ఆ పెద్దాయన ఫోన్ చేశారు. “బాబూ, ఆ అమ్మది మా ఇంటిపేరేనా? తేలిందేటి?” అని అడిగారు. అక్కడ ఆవిడ మేనత్తల్లో ఒకావిడకి 91 ఏళ్లు, పెళ్లి మంత్రాల్లో చదివిన ఇంటిపేరు ఆవిడకి గుర్తుండొచ్చంటున్నారు. కబురు కోసం చూస్తున్నాం.