అందరికీ కాదట!

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీలో చిన్నది అడిగింది: "తాతయ్యా, టీవీలో ఒక వాచీ ప్రకటన వస్తోంది. 'ఇది అందరికీ కాదు' అంటాడు. అందరికీ కానప్పుడు అందరూ చూసే టీవీలో ఎందుకు వేయడం? కొనేవాళ్ల చెవిలో చెప్తే సరిపోదా?"

నాకు జవాబు ఫోను పెట్టేశాక తోచింది.

మీరు వీపుకు వీపు ఆనించి ఎవరు పొడుగో చూసుకుంటారే, ఆ ఆట తలచుకోండి. దానికి ముగ్గురు కావాలి. పొడుగువాడు, పొట్టివాడు, ఎదురుగా నిలబడి "వీడే!" అనేవాడు. ఆ మూడోవాడు లేకపోతే మడమలు ఎంత ఎత్తినా దండగే. (అన్నయ్య ఎత్తితే నేనూ ఎత్తేవాణ్ణి. ఇద్దరికీ పిక్కలు పట్టేసేవి, తేడా మాత్రం ఎక్కడిదక్కడే.) వాచీ కొనేవాడు మడమ ఎత్తినవాడు. టీవీ ముందు కూర్చున్న మనం మూడోవాళ్లం. అది గొప్పవాళ్ల వాచీ అని మనకు తెలియకపోతే వాడికేం లాభం? టైము ఏ వాచీ అయినా చెబుతుంది.

నాకూ ఉండేది ఆ జబ్బు. క్లాసులో ఒకడు బంగారు రంగు మూత పెన్ను తెచ్చాడు. నాకు అలాంటి మూత ఒకటి దొరికింది, మూత మాత్రమే. జేబుకు తగిలించుకుని పది రోజులు తిరిగాను. ఒకనాడు మాస్టారు హాజరు వేస్తూ "ఏదీ, నీ పెన్నిలా ఇవ్వు" అన్నారు. తరవాతిది రాయను.

ఈ కిటుకు పాతదే. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి 1765లో షార్లెట్ రాణికి మీగడ రంగు టీ సెట్టు చేసిచ్చాడు. ఆమె అనుమతితో ఆ రకానికి 'రాణిగారి పాత్రలు' అని పేరు పెట్టాడు. సెట్టు రాణికి, పేరు ఊరందరికీ! తెగ అమ్ముడయ్యాయి. 1767లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆయనే ఆశ్చర్యపోయాడు: ఈ ఆదరణలో పాత్రల అందమూ ఉపయోగమూ ఎంత, జనం ముందు పెట్టిన తీరు ఎంత అని. చేసినవాడికే తేలని లెక్క నేనేం తేలుస్తాను?

అలాగని వాచీ కొన్నవాణ్ణి వెక్కిరించకండి. వాచీ మంచిదే కావచ్చు. నా జేబులో మూత సంగతీ మరవకండి.

ఈసారి అలాంటి ప్రకటన వస్తే సౌండు తీసేసి చూడండి. కొన్నవాణ్ణి వదిలేయండి. చాలాసార్లు పక్కన తల తిప్పి చూసే మనిషి ఒకరుంటారు, లిఫ్టులోనో, కారు అద్దం వెనకో. వాళ్లు ఎవరు, ఎంతసేపు కనిపించారు, మొహం ఎలా పెట్టారు, నాకు రాయండి.

మీ తాతయ్య