ఆరు లక్షల బ్యాటరీ భయం

మా బావ నర్సంపేట దగ్గర ఒక బడిలో టీచర్. ఇల్లు హన్మకొండలో. పోను నలభై, రాను నలభై కిలోమీటర్లు. నాలుగేళ్ల కింద ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే, గిర్నిబావి దగ్గర తెర మీద 24 శాతం ఉన్న ఛార్జింగ్ ఒక్కసారిగా 9కి పడిపోయింది. కారు ఈడ్చుకుంటూ నడిచింది. రోడ్డు పక్క షాపాయనను బతిమాలి, ఫ్రిజ్ ప్లగ్గు తీయించి, రెండు గంటలు ఛార్జింగ్ పెట్టుకుని ఇల్లు చేరాడు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌లో కారును పైకెత్తి చూసి ఒకతను అన్నాడట: "ప్యాక్ మొత్తం మార్చాల్సి వస్తదేమో సార్. ఆరు లక్షల దాకా అయితది. కింద గీత పడ్డది, వారంటీ ఇస్తరో ఇయ్యరో." ఆ రాత్రి పదకొండింటికి బావ ఫోన్: "ఏం జేద్దాం బామ్మర్దీ, కారే అమ్మేద్దామా?"

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఈ భయం మా బావ ఒక్కడిది కాదని నాకు తెలుసు. ఎలక్ట్రిక్ కారు మాట ఎత్తితే స్టాఫ్ రూములో వచ్చే మొదటి ప్రశ్న ఇదే: "బ్యాటరీ పోతే?" ఆ ప్రశ్న వెనక మన ఇన్వర్టర్ అనుభవం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నాలుగైదేళ్లకు పోతుంది. పాత రకం బ్యాటరీ ఆటోలు నడిపేవాళ్లకైతే ఏడాది, ఏడాదిన్నరకే కొత్తవి కొనాల్సి వచ్చేది. అవన్నీ సీసం, యాసిడ్ బ్యాటరీలు. కారులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దాన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనక కృషి చేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. దాని నడత వేరు, అది పాడయ్యే తీరు కూడా వేరు.

"బ్యాటరీ పోవడం" అనే ఒక్క మాటలో మనం రెండు సంగతులు కలిపేస్తున్నాం. ఒకటి ముసలితనం, రెండోది జబ్బు. ముసలితనం ప్రతి బ్యాటరీకీ వస్తుంది, మెల్లగా వస్తుంది, ఎప్పుడొస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. జబ్బు కొన్నింటికే చేస్తుంది, చెప్పకుండా వస్తుంది, చాలాసార్లు ఒక్క భాగానికే పరిమితం. బిల్లు చూసి గుండె గుభేలుమనడం చాలావరకు ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లే.

ముందు ముసలితనం. కారు బ్యాటరీ అంటే చిన్న చిన్న సెల్స్ కలిపిన ప్యాక్. ఒక్కో సెల్ లోపల ఒక వైపు గ్రాఫైట్, ఇంకోవైపు లిథియం ఉండే పదార్థం. మన దగ్గర చాలా కార్లలో అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్‌లోకి పోతాయి, కారు నడిపితే వెనక్కి వస్తాయి. గ్రాఫైట్ మీద మొదటి ఛార్జింగ్‌లోనే ఒక సన్నని పొర కడుతుంది. అది ఉండాలి కూడా, సెల్‌ను కాపాడేది అదే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర మందమవుతుంది, కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. వరంగల్ వాళ్లకు చెరువు ఉదాహరణ చాలు. ఏటా కొంత పూడిక చేరుతుంది, ఆ మేరకు నీళ్లు తక్కువ పడతాయి. చెరువైతే మిషన్ కాకతీయలో చేసినట్టు పూడిక తీయొచ్చు, సెల్‌లో చిక్కిన లిథియంను మాత్రం ఇంట్లో కూర్చుని బయటికి తీయలేం. అయితే పూడిక చేరినంత మాత్రాన చెరువు ఒక్క రాత్రిలో ఎండిపోదు.

కెనడాకు చెందిన జియోటాబ్ సంస్థ వేల బండ్ల లెక్కలు తీసి, 2024లో చెప్పిన సగటు తరుగుదల ఏడాదికి 1.8 శాతం. మన ఎండలు చూసి నేను 2.5 వేసుకుంటాను. మా బావ కారుది 30 యూనిట్ల బ్యాటరీ, కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే ఇవీ. కొత్తలో నిజమైన రోడ్డు మీద 210 కిలోమీటర్లు ఇచ్చింది. ఎనిమిదేళ్లకు 20 శాతం పోతే 168 ఇస్తుంది. హన్మకొండ నుంచి హైదరాబాద్ 150 కిలోమీటర్ల లోపే. నర్సంపేటకు రోజూ పోయి రావడానికి 80 చాలు. చాలా కంపెనీల వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే వాళ్లదే బాధ్యత. ఆ 70 శాతానికి దిగిన బ్యాటరీలో కూడా 21 యూనిట్లు పడతాయి. ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు. అంటే "పోయింది" అని మనం పక్కన పెట్టే కారు బ్యాటరీ దాదాపు పన్నెండు ఇన్వర్టర్ బ్యాటరీలతో సమానం!

ఎండ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2012లో అమెరికాలోని అరిజోనాలో నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు అనుకున్నదానికంటే చాలా ముందే సామర్థ్యం పోగొట్టుకున్నాయి. ఆ ప్యాకుల్లో నీటితో చల్లబరిచే ఏర్పాటు లేదు, అక్కడి ఎండలు మన రామగుండం ఎండల్లాంటివే. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందని క్లాసులో చెప్పుకుంటాం. సెల్ ముసలిదయ్యేది కూడా రసాయన చర్యతోనే. అన్నిటికంటే చెడ్డది మే నెలలో నూరు శాతం ఛార్జ్ చేసి, రోజుల తరబడి ఎండలో నిలబెట్టడం. నీడ దొరికితే నీడలో పెట్టండి. ఊరెళ్తూ కారు వదిలేసేటప్పుడు సగం ఛార్జింగ్ చాలు. కొనేముందు ప్యాక్‌కు లిక్విడ్ కూలింగ్ ఉందా అని అడగండి. సన్‌రూఫ్ గురించి అడిగినంత గట్టిగా దీన్ని ఎవరూ అడగరు, నాకు అదే బాధ.

ఇక జబ్బు. ఆదివారం పొద్దున బావ వాళ్లింటి ముందు, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే చిన్న ఓబీడీ పరికరం తగిలించి, ఫోన్లో సెల్ వోల్టేజీలు తెరిచాం. వందకు దగ్గరగా అంకెలు. 3.27, 3.28, 3.27, 3.27... వేలితో కిందికి జరుపుకుంటూ పోతే ఒక్కచోట 3.02. "ఇదేంది?" అన్నాడు బావ. ఏసీ పూర్తిగా పెట్టి, కాలనీలో ఒక చుట్టు తిప్పించాను. మిగతావి కొంచెం తగ్గి నిలబడ్డాయి, అదొక్కటి 2.8కి జారింది.

సెల్స్ అన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. మేడారం బాటలో ఎడ్లబండ్ల వరుసలాగే, ఇరుకు దారిలో ఒక్క బండి ఇరుసు విరిగితే వెనక ఉన్నవన్నీ ఆగాల్సిందే. ఒక్క సెల్ అడుగంటగానే కారులోని బీఎంఎస్, అంటే బ్యాటరీని కనిపెట్టి ఉండే కంప్యూటర్, మొత్తం ప్యాక్ ఖాళీ అయినట్టు లెక్క వేసి, పవర్ తగ్గించేస్తుంది. మిగతా సెల్స్‌లో కరెంటు ఉన్నా వాడనివ్వదు. గిర్నిబావి దగ్గర జరిగింది ఇదే.

ఇక్కడే ఒక మాట. ఫాస్ఫేట్ సెల్ వోల్టేజీ మధ్యలో చాలా దూరం దాదాపు మారకుండా ఉంటుంది. అందుకని ఎప్పుడూ అరకొరగా ఛార్జ్ చేస్తే బీఎంఎస్ లెక్క తప్పుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పినట్టు అప్పుడప్పుడు నిదానంగా నూరు శాతం ఛార్జ్ చేస్తే, "పోయిందనుకున్న" రేంజ్ కొందరికి తిరిగి వస్తుంది. అది ముసలితనమూ కాదు, జబ్బూ కాదు. బావది మాత్రం అది కాదు. నూరు చేసి చూసినా ఆ సెల్ వెనకబడే ఉంది.

వందలో ఒక సెల్ చెడితే ఆరు లక్షల మాట ఎందుకొచ్చింది? ప్యాక్ అంటే కొన్ని మాడ్యూళ్లు, మాడ్యూల్ అంటే కొన్ని సెల్స్. చెడిన మాడ్యూల్ తీసి వేరేది పెట్టొచ్చు. కానీ ఆ పనికి 300 వోల్టుల పైన ఉన్న డీసీ కరెంటు మీద పని చేయడం నేర్చిన మనిషి కావాలి, పాత సెల్స్‌తో జోడు కుదిరే మాడ్యూల్ కావాలి. అవి దగ్గర లేనిచోట, ప్యాక్ మొత్తం మార్చడం సెంటర్‌కు సులువు. పైగా కారుకు జీఎస్టీ 5 శాతం, విడిగా కొనే బ్యాటరీకి 18 శాతం. ప్రపంచంలో ప్యాక్ సగటు ధర 2024లో యూనిట్‌కు 115 డాలర్లకు దిగిందని బ్లూంబర్గ్ ఎన్ఈఎఫ్ అనే పరిశోధన సంస్థ లెక్క. ఆ లెక్కన 30 యూనిట్లకు సుమారు మూడు లక్షలే. అది కంపెనీలు టోకున కొనే ధర, మన దాకా వచ్చేసరికి రెట్టింపు అవుతోంది.

పెట్రోల్ మిగులు లెక్క కూడా వేశాం. బావ ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరుగుతాడు. పెట్రోల్ కారైతే లక్షా నలభై వేల దాకా, కరెంటుకైతే 30 వేల లోపు. ఆరేళ్లలో ఆరు లక్షలు మిగిలినట్టే. కానీ నెలనెలా మిగిలింది పిల్లల ఫీజుల్లోకి పోతుంది, బిల్లు మాత్రం ఒక్కసారే వస్తుంది. ఈ లెక్క చెప్పి టెన్షన్ పడొద్దనడం నాకు సబబుగా అనిపించదు. బాగుచేసే ఏర్పాటు మన జిల్లాల్లోనే ఉండాలి. మన ఐటీఐలలో ఈ పని నేర్పితే వరంగల్, కరీంనగర్‌లలో పిల్లలకు బతుకుదెరువు కూడా.

బావ చేత కంపెనీకి మెయిల్ పెట్టించాను. సెల్ వోల్టేజీల ఫొటోలు, కింద గీత ఫొటో. గీత పైపూత మీదే పడింది, రేకు లోపలికి నొక్కుకోలేదు. వారంటీ ఎందుకు రాదో రాతపూర్వకంగా చెప్పమని అడిగాం. పది రోజులకు ఒప్పుకున్నారు. ప్యాక్ దించి పంపారు, ఒక్క మాడ్యూల్ మార్చారు. మూడు వారాలు బావ ఆర్టీసీ బస్సులో తిరిగాడు. బిల్లు సున్నా.

ఇప్పుడు మా కాలేజీలో కెమిస్ట్రీ సార్ ఐదేళ్ల ఎలక్ట్రిక్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాడు. అమ్మేవాళ్ల దగ్గర మూడు కాగితాలు తీసుకోమన్నాను: కంపెనీ ఇచ్చే బ్యాటరీ ఆరోగ్య రిపోర్టు, సెల్ వోల్టేజీల జాబితా, వారంటీ రెండో యజమానికి కూడా వర్తిస్తుందని రాసిచ్చిన లెటర్. 2023 జూలై వరదల్లో నయీంనగర్ వైపు నీళ్లలో నిలిచిన బండి కాదు కదా అని కూడా అడగమన్నాను. రిపోర్టు 91 శాతం చూపించింది, వోల్టేజీలన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. లెటర్ ఇంకా రాలేదు. అది చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వనని సార్ కూర్చున్నాడు.