జాన్ కేజ్ నిజంగా స్వరకర్తేనా? తెగని తగువు వెనక కథ

జర్మనీలో హాల్బర్‌స్టాట్ అనే ఊరుంది. అక్కడి సెయింట్ బుర్కార్డి చర్చిలో ఒక ఆర్గన్ పగలూ రాత్రీ ఆగకుండా మోగుతూ ఉంటుంది. 2001 సెప్టెంబర్ 5న మొదలైన ఆ రచన 2640లో పూర్తి కావాలి. మొదటి పదిహేడు నెలలూ మౌనమే. తొలి స్వరం 2003 ఫిబ్రవరిలో వినిపించింది. ఒక్కో స్వరం నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి సాగుతుంది. 2024 ఫిబ్రవరి 5న స్వరం మారిందంటే, ఆ క్షణం కోసమే జనం చర్చికి వచ్చారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పాత తగువు మళ్లీ లేస్తుంది. ఇది సంగీతమేనా? జాన్ కేజ్ అనే ఈ అమెరికన్‌ను 20వ శతాబ్దపు గొప్ప స్వరకర్తల పక్కన కూర్చోబెట్టడం న్యాయమేనా? ముందు ఒక మాట చెప్పాలి. ఆ 639 ఏళ్ల లెక్క కేజ్‌ది కాదు. ఆయన 1987లో ఆ ఆర్గన్ రచన సిద్ధం చేసి, వీలైనంత నెమ్మదిగా వాయించమన్నాడు తప్ప ఎంత నెమ్మదిగానో చెప్పలేదు. 1992లో ఆయన చనిపోయాక సంగీతకారులూ పండితులూ కూర్చుని, హాల్బర్‌స్టాట్‌లో 1361లో కట్టిన పాత ఆర్గన్ నుంచి 2000 వరకు ఎన్నేళ్లయితే అన్నేళ్లు వాయించాలని తేల్చారు. కేజ్ చుట్టూ నడిచే గొడవల్లో ఆయన చేసినదీ, ఆయన పేరు మీద ఇతరులు చేసినదీ ఇలాగే కలగలిసిపోయి ఉంటాయి.

అసలు ఈ తగువుకు బీజం వేసింది ఆయన గురువే. కేజ్ 1912లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టాడు. తండ్రి కొత్త కొత్త యంత్రాలు కనిపెట్టే మనిషి. 1930ల మధ్యలో కేజ్, నాజీల వల్ల యూరప్ వదిలి వచ్చిన స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ దగ్గర శిష్యరికం చేశాడు. ఫీజు ఇచ్చుకోలేనంటే, జీవితమంతా సంగీతానికే ఇస్తానని మాట ఇస్తే చాలన్నాడట షోన్‌బర్గ్. శిష్యుడు మాట ఇచ్చాడు కానీ, హార్మొనీ, అంటే వేర్వేరు స్వరాలను ఒకేసారి కలిపి పలికించే పద్ధతి, మాత్రం ఆయనకు పట్టుబడలేదు. పాశ్చాత్య సంగీతంలో హార్మొనీ లేకుండా స్వరరచన అంటే ఊహించలేం. ఆ లోటుతో రాస్తే ఎప్పుడూ ఒక గోడ అడ్డం వస్తుందని గురువు హెచ్చరించాడు. అయితే జీవితాంతం ఆ గోడకే తల కొట్టుకుంటానని జవాబిచ్చినట్టు కేజ్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. అతను స్వరకర్త కాదు, ప్రతిభ ఉన్న ఆవిష్కర్త అని షోన్‌బర్గ్ అన్నట్టు ఒక మిత్రుడి ద్వారా కేజ్ చెవిన పడింది. ఎనభై ఏళ్లుగా నడుస్తున్న వాదన అంతా దాదాపు ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది.

గోడను తప్పించుకోవడానికి కేజ్ తాళవాద్యాల వైపు తిరిగాడు. సియాటిల్‌లోని కార్నిష్ స్కూల్లో డాన్స్ క్లాసులకు సంగీతం సమకూర్చే పని దొరికింది. అక్కడ సివిల్లా ఫోర్ట్ అనే నర్తకి ప్రదర్శనకు తాళవాద్య బృందం కావాల్సి వచ్చింది. వేదిక దగ్గర ఒక్క పియానోకే చోటుంది. 1940లో ఆయన ఆ పియానో తీగల మధ్య స్క్రూలూ బోల్టులూ దూర్చాడు. ఒక్క వాద్యంలోంచి గంటలూ డప్పులూ చెక్కభజనా కలిసినట్టు పలికింది. దీనికే ప్రిపేర్డ్ పియానో అని పేరొచ్చింది. వాద్యాన్ని పాడు చేశాడని తిట్టినవాళ్లున్నారు. మనకు మాత్రం ఇది అంత వింతగా ఉండక్కర్లేదు. మృదంగం ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తేనే ఆ లోతు వస్తుంది. తంబురా తీగ కింద నూలు పోగు సర్దితేనే ఆ ఝుంకారం పుడుతుంది.

ఇక్కడి నుంచి కథ మన వైపు తిరుగుతుంది. 1946లో అహ్మదాబాద్ నుంచి గీతా సారాభాయ్ న్యూయార్క్ వచ్చారు. ఆమె విక్రమ్ సారాభాయ్ సోదరి, పఖావజ్ అనే ఉత్తరాది మృదంగం నేర్చుకున్న తొలి మహిళల్లో ఒకరు. పాశ్చాత్య సంగీతం మన సంగీతాన్ని ఏం చేస్తుందోనన్న బెంగతో, ముందు దాన్ని అర్థం చేసుకోవాలని బయలుదేరారు. కేజ్ ఆమెకు షోన్‌బర్గ్ పద్ధతులు నేర్పాడు. డబ్బు తీసుకోలేదు, బదులుగా ఆమె మన సంగీతం గురించి చెప్పాలి. అసలు సంగీతం ఎందుకని మీ గురువు చెప్పేవారు అని కేజ్ అడిగాడు. మనసును నెమ్మదింపజేసి, దైవప్రభావానికి అనువుగా చేయడానికి అని ఆమె చెప్పారు. అప్పటికి కేజ్ పెళ్లి విడిపోయింది. రాసింది వినేవాళ్లకు వేరేగా అర్థమవుతోందని, ఇక రాయడం దేనికని కుంగిపోయి ఉన్నాడు. ఆ జవాబు ఆయన్ను నిలబెట్టింది. వెళ్లేముందు గీత ఆయన చేతిలో రామకృష్ణ పరమహంస బోధల ఇంగ్లిష్ పుస్తకం పెట్టి వెళ్లారు.

అదే రోజుల్లో కేజ్ కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి రచనలు చదివాడు. మన పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నందికేశ్వరుడి నాట్యగ్రంథం 'అభినయ దర్పణా'న్ని కుమారస్వామి ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1917లో అచ్చు వేసినప్పుడు, ఆయనతో కలిసి ఆ పని చేసింది మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆ తర్వాత చీరాల-పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్న ఆయనే. కేజ్ చదివింది కుమారస్వామి ఇతర పుస్తకాలే కావచ్చు. అయినా మన అభినయశాస్త్రాన్ని అమెరికాకు చేరవేసిన పనిలో ఒక తెలుగువాడి చెయ్యి కూడా ఉందన్న సంగతి మనం మరిచిపోకూడదు.

ఈ చదువులోంచి 1946-48 మధ్య పుట్టినవే 'సొనాటాలు, ఇంటర్‌లూడ్‌లు'. ప్రిపేర్డ్ పియానో కోసం రాసిన పదహారు సొనాటాలు (చిన్న వాద్యరచనలు), నాలుగు ఇంటర్‌లూడ్‌లు (మధ్యలో వచ్చే ముక్కలు). నవరసాలనూ, అవన్నీ చివరికి శాంతం వైపే ఒరగడాన్నీ పలికించాలని తన ప్రయత్నమని కేజ్ చెప్పాడు. 45 స్వరాల తీగలకు స్క్రూలు, బోల్టులు, నట్లు, రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు కొలత ప్రకారం అమర్చాలి. ఆ అమరికకే రెండు మూడు గంటలు పడుతుంది. 1949లో పియానిస్ట్ మారో అజెమియన్ వీటిని కార్నెగీ హాల్లో వాయించాక గగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ అనే ఆర్థిక సాయం వచ్చింది, దేశవ్యాప్తంగా పేరూ వచ్చింది. ఈ ఒక్క రచన చాలు, స్వరకర్త కాదన్న మాట నిలవదని నా నమ్మకం. లయ లెక్కలో ఎంత కట్టుదిట్టమో, వినడానికి అంత సుకుమారం.

కేజ్ ఇక్కడే ఆగి ఉంటే వాదనే ఉండేది కాదు. 1951లో శిష్యుడు క్రిస్టియన్ వుల్ఫ్ ఇచ్చిన 'ఐ చింగ్' అనే చైనా శకున గ్రంథం చేతికొచ్చింది. అప్పటి నుంచి ఏ స్వరం, ఎంతసేపు, ఎంత బిగ్గరగా అన్నది నాణేలు ఎగరేసి తేల్చడం మొదలుపెట్టాడు. తన ఇష్టాయిష్టాలు సంగీతంలోకి రాకూడదన్నది పట్టుదల. అదే ఏడాది హార్వర్డ్‌లో చప్పుడు చొరబడని గదిలోకి వెళ్లాడు. అక్కడా రెండు శబ్దాలు వినిపించాయి, ఒకటి సన్నగా, ఒకటి లోతుగా. లోతైనది నీ రక్తప్రసరణే అని ఇంజనీరు చెప్పాడట. పూర్తి నిశ్శబ్దం అనేదే లేదని ఆయన అక్కడే నిశ్చయించుకున్నాడు.

1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర, చెట్ల మధ్య ఉన్న మావెరిక్ హాల్లో డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చున్నాడు. మూత వేశాడు. స్టాప్‌వాచ్ చూసుకున్నాడు. మూడు భాగాలూ గడిచాయి, ఒక్క స్వరమూ వాయించలేదు. అదే '4′33″', అంటే నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు. మొదటి భాగంలో బయట గాలి, రెండో భాగంలో కప్పు మీద చినుకులు, మూడో దాంట్లో జనం గుసగుసలూ లేచి వెళ్లే అడుగులూ వినిపించాయని కేజ్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. ఈ రచన గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. ఏళ్ల తరబడి సాధన చేసే విద్వాంసుల మధ్య ఇదేం అన్యాయం అనిపించింది. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను.

ఎందుకంటే ఆ కోపం సంగీతం తెలియనివాళ్లది మాత్రమే కాదు. కేజ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపిన ఫ్రెంచ్ స్వరకర్త పియర్ బులేజ్, 1957లో రాసిన వ్యాసంలో యాదృచ్ఛికత పేరుతో స్వరకర్త బాధ్యత తప్పించుకోవడాన్ని గట్టిగా తప్పుపట్టాడు. 1959లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఇటలీ స్వరకర్త లుయీజీ నోనో, చరిత్రను పక్కనపెట్టే ఈ ధోరణి మీద విరుచుకుపడ్డాడు. 1964లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ కేజ్ రచన వాయించినప్పుడు శ్రోతలు లేచిపోవడం ఒక ఎత్తయితే, ఆర్కెస్ట్రాలోని కళాకారులే ఆయన్ను చూసి హేళనగా బుసకొట్టారు. ఇంగ్లండ్‌లో కేజ్ సంగీతాన్ని భుజాన మోసిన స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూ 1970ల్లో వామపక్షం వైపు వెళ్లి, ఇది జనానికి పనికిరాని సంగీతమని తేల్చేశాడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది 1975లో బఫెలోలో జరిగింది. కేజ్ రచన 'సాంగ్ బుక్స్'లో ప్రదర్శకుడికి చాలా స్వేచ్ఛ ఉంది. నల్లజాతి స్వరకర్త జూలియస్ ఈస్ట్‌మన్ ఆ స్వేచ్ఛ తీసుకుని, వేదిక మీద శృంగార ప్రసంగం లాంటిది నడిపి ఒకతని బట్టలు విప్పించాడు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే కేజ్ మర్నాడు కోపం దాచుకోలేకపోయాడు. స్వేచ్ఛ అంటే బాధ్యత లేకపోవడం కాదని ఆయన వాదన. అది నిజమే కావచ్చు. కానీ తన ఇష్టాయిష్టాలు వద్దన్న మనిషికి గట్టి ఇష్టాయిష్టాలే ఉన్నాయని ఆ రోజు తేలిపోయింది. కుమారస్వామి విషయంలోనూ ఇదే చిక్కు. ప్రకృతి పనిచేసే తీరును కళ అనుసరించాలన్న మాటను కేజ్ జీవితాంతం వల్లించాడు. కానీ కుమారస్వామి దృష్టిలో ఆ మాట సంప్రదాయం, గురుముఖంగా వచ్చిన విద్య వీటితో ముడిపడింది. కేజ్ మాట తీసుకుని ముడి వదిలేశాడు.

అయినా ఆయన సోమరి అనే మాటను మాత్రం ఒప్పుకోలేను. 1952లోనే చేసిన 'విలియమ్స్ మిక్స్' నాలుగు నిమిషాల పైచిలుకు టేపు సంగీతం. దానికి స్కోరు దాదాపు 200 పేజీలు. మిత్రులతో కలిసి నెలల తరబడి టేపు ముక్కలు కత్తిరించి అతికించాడు. జనానికి తెలిసింది మాత్రం చప్పుడు లేని ఆ నాలుగున్నర నిమిషాలే. కీర్తి దక్కాల్సిన మనిషికే దక్కింది, కానీ దక్కాల్సిన రచనకు దక్కలేదని నేననుకుంటాను. '4′33″' ఒక మంచి ప్రశ్న. ఒకసారి అడిగితే చాలు. సొనాటాలు అలా కాదు, ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటాయి.

గీతా సారాభాయ్ పేరు కూడా ఈ తగువులో ఎక్కడా పెద్దగా వినిపించదు. కేజ్ మాత్రం దాచలేదు, ఆమె మాటను ఉపన్యాసాల్లోనూ రాతల్లోనూ ఎన్నోసార్లు చెప్పాడు. 1964లో మెర్స్ కనింగ్‌హామ్ నాట్యబృందంతో ప్రపంచయాత్రకు వచ్చినప్పుడు అహ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబానికి అతిథిగా ఉన్నాడు. అప్పటికి ఆమె స్థాపించిన 'సంగీత్ కేంద్ర'కు పదిహేనేళ్లు. ఆమె పాఠం చెప్పిన రోజుల్లో రాసిన ఆ ఇరవై ముక్కలూ కలిపి గంటకు కాస్త అటూ ఇటూ. కేజ్ గురించి ఏ పక్షాన మాట్లాడదలిచినా, ముందు ఆ గంట వినండి.