డీవీడీ రైటింగ్ బాగా స్లోగా ఉందా? రైటర్ మార్చే ముందు ఇవి చూడండి

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు డీవీడీలకు ఎక్కించి దాచుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. రైటర్ మీద 16ఎక్స్ అని ఉంటుంది, డిస్క్ మీదా అదే ఉంటుంది, తీరా బర్న్ పెడితే అరగంటైనా అవదు. దాంతో రైటర్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. దయచేసి అంత తొందర పడొద్దు. చాలాసార్లు రైటర్ శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది, దానికి డేటా అందడమే ఆలస్యమవుతుంది.

ముందు లెక్క చూద్దాం. డీవీడీలో 1ఎక్స్ అంటే సెకనుకు దాదాపు 1.385 ఎంబీ, కాబట్టి 16ఎక్స్ అంటే 22 ఎంబీ. కానీ ఆ 22 మొదటి నుంచీ రాదు. రాయడం మొదలయ్యేది డిస్క్ లోపలి అంచు దగ్గర. రంగులరాట్నంలో బయటి గుర్రం లోపలి గుర్రం కన్నా వేగంగా పోయినట్టే, తిరిగే వేగం ఒకటే అయినా బయటి అంచుకి వెళ్లేకొద్దీ లేజర్ కింద ఎక్కువ ట్రాక్ పరుగెడుతుంది. అందుకే 16ఎక్స్ రైటర్ 6 లేదా 7ఎక్స్ దగ్గర మొదలై చివర్లో మాత్రమే 16కి చేరుతుంది. అది లోపం కాదు. అన్నీ సవ్యంగా ఉంటే 4.7 జీబీ డిస్క్ ఆరేడు నిమిషాల్లో నిండాలి. అరగంట పట్టిందంటే మాత్రం సగటున 2ఎక్స్ కూడా రాలేదన్నమాట, అప్పుడు వెతకాల్సిందే.

విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత సిస్టమ్, వెడల్పాటి ఐడీఈ కేబుల్ (రైటర్‌ని మదర్‌బోర్డుకి కలిపే పాతరకం కేబుల్) ఉన్న రైటర్ అయితే నా అనుమానం మొదట పీఐఓ మోడ్ మీదకే పోతుంది. మామూలుగా డేటా డీఎంఏ పద్ధతిలో కదులుతుంది, అంటే ప్రాసెసర్‌ని ఇబ్బంది పెట్టకుండా మెమరీకీ రైటర్‌కీ మధ్య నేరుగా పోతుంది. పీఐఓలో అయితే ప్రతి రెండు బైట్లనీ ప్రాసెసరే స్వయంగా మోయాలి. అందుకే బర్న్ అవుతున్నంతసేపూ మౌస్ కుదుపులు కుదుపులుగా కదులుతుంది, పాట పెడితే తెగిపోతూ ఉంటుంది. ఈ గుర్తులు కనిపిస్తే ఇక దాదాపు ఖాయం అనుకోవచ్చు. ఇలా ఎందుకవుతుందంటే, ఎక్స్‌పీలో ఐడీఈని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌కి ఆరు టైమవుట్లో (జవాబు సమయానికి రాకపోవడం), సీఆర్‌సీ ఎర్రర్లో (డేటా దారిలో చెడిపోవడం) జమ అయితే అది వేగాన్ని ఒక్కో మెట్టూ దించుకుంటూ పోయి చివరికి పీఐఓలో ఆగుతుంది. గీతలు పడ్డ ఒక సీడీని రైటర్‌లో పెట్టి చదివించడానికి తంటాలు పడినా చాలు, ఆ ఎర్రర్లు జమ కావచ్చు. సిస్టమ్ ఆపి మళ్లీ వేసినా అది తనంతట తాను పైకి రాదు, ఇదే అసలు బాధ.

డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద సెకండరీ ఐడీఈ ఛానల్ తెరిచి (రైటర్ సాధారణంగా అక్కడే ఉంటుంది) అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. పీఐఓ అని ఉంటే ఆ ఛానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏ ఇస్తుంది. కొన్నాళ్లకి మళ్లీ పడిపోతే కేబుల్ మార్చండి.

ఇంకో విషయం. రైటర్‌లో ఉండే బఫర్ (రాయబోయే డేటా కాసేపు ఆగే చిన్న మెమరీ) చాలావాటిలో 2 ఎంబీయే, 16ఎక్స్ వేగంలో అది సెకనులో పదో వంతులోపే ఖాళీ అవుతుంది. ఒకప్పుడు అలా ఖాళీ అయితే డిస్క్ పాడైపోయేది. 2000 ప్రాంతంలో సాన్యో తెచ్చిన బర్న్‌ప్రూఫ్ లాంటి పద్ధతులు వచ్చాక రైటర్ లేజర్ ఆపి, డేటా వచ్చాక ఆగిన చోటు నుంచే రాస్తోంది. డిస్క్ దక్కుతోంది సరే, డేటా సరిగా అందడం లేదన్న సంగతి మాత్రం ఇప్పుడు ఆలస్యం రూపంలోనే బయటపడుతోంది. కాబట్టి వేల చిన్న ఫైళ్లు నేరుగా బర్న్ చేయకుండా ముందు ఐఎస్ఓ ఇమేజ్ (అన్నీ కలిపిన ఒకే పెద్ద ఫైల్) చేసుకోండి, ఆ సమయంలో హార్డ్‌డిస్క్ మీద వేరే కాపీలు పెట్టకండి. బయటి రైటర్‌ని పాత యూఎస్‌బీ 1.1 పోర్ట్‌కి తగిలిస్తే సెకనుకు ఒక ఎంబీ రావడమే గగనం.

డిస్క్ సంగతీ ఉంది. ప్రతి ఖాళీ డీవీడీలోనూ తయారీదారు కోడ్ ఉంటుంది, ఆ రకానికి లేజర్ ఎలా వాడాలో రైటర్ ఫర్మ్‌వేర్‌లో (రైటర్ లోపలే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో) రాసి ఉంటుంది. తెలియని కోడ్ అయితే రైటర్ జాగ్రత్తకి పోయి తక్కువ వేగమే ఎంచుకుంటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి చూడండి, లేదంటే వేరే కంపెనీ డిస్క్ ఒకటి ప్రయత్నించండి.

బర్న్ అయ్యాక వెరిఫై జరుగుతుంటే ఆ సమయాన్ని కూడా రైటింగ్ లెక్కలో కలిపేస్తుంటారు చాలామంది. అది వేరే పని, రాసినదంతా మళ్లీ చదివి సరిచూడటం. మళ్లీ తీయలేని పెళ్లి వీడియో అయితే వెరిఫైని ఆపకండి.