లినక్స్‌లో ఇన్ని రకాలు ఎక్కడివి? పాత కంప్యూటర్ల ముందు నిలిచిన ప్రశ్న

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరమో ఆపైదో కావాలి. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ కాలేజీ ల్యాబుల్లో గానీ డీటీపీ సెంటర్లలో గానీ ఇంకా పనిచేస్తున్న నాలుగో తరం ఐ3 మెషీన్లకు ఆ దారి లేదు. సరే, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేద్దామంటే వెంటనే ఇంకో చిక్కు: ఏ లినక్స్? ఉబుంటునా, మింటా, డెబియనా, ఫెడోరానా? ఒక్కదాని పేరు చెప్పి ఊరుకోకుండా ఇన్ని ఎందుకు పెట్టారన్న విసుగు సహజమే. నిజానికి వాటిని ఎవరూ కూర్చుని పెట్టలేదు. ఒక్కో తగాదా తెగక ఒక్కో రకం పుట్టింది.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్, యూనిక్స్ లాంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించారు. కంపైలర్, ఎడిటర్, షెల్ ఒక్కొక్కటే తయారయ్యాయి గానీ హార్డ్‌వేర్‌ను నడిపే కేంద్ర భాగం, అంటే కెర్నల్ మాత్రం తేలలేదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అలాంటి కెర్నల్ రాశారు, అదే లినక్స్. మొదట దాన్ని అమ్మడానికి వీల్లేదని షరతు పెట్టి, 1992లో జీపీఎల్ లైసెన్సుకు మార్చారు. వైవిధ్యానికి అసలు మూలం ఈ మార్పే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. మార్చి పంచితే సోర్సు కోడ్ కూడా ఇవ్వాలి, అంతే. నచ్చనివాడు విడిపోతానంటే ఆపే హక్కు ఎవరికీ లేదు. అదే కాలంలో లినక్స్‌కు పోటీ కాగల బీఎస్‌డీ యూనిక్స్ కూడా పీసీల మీదికొచ్చింది, కానీ 1992 నుంచి 1994 దాకా ఏటీ అండ్ టీ అనుబంధ సంస్థతో నడిచిన కేసు దాని కాళ్లకు అడ్డం పడింది.

కెర్నల్ ఒక్కటే ఉంటే కంప్యూటర్ నడవదు. దాని చుట్టూ వందల ప్రోగ్రాములను జతచేసి ఇచ్చేదే డిస్ట్రో. తొలినాళ్లలో బాగా వాడుకలోకొచ్చిన ఎస్‌ఎల్‌ఎస్ అనే డిస్ట్రోలో తప్పులెక్కువ. వాటిని సరిచేసుకుంటూ పాట్రిక్ వోల్కర్‌డింగ్ 1993 జులైలో స్లాక్‌వేర్ తెచ్చారు. అదే విసుగుతో ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రకటించారు. ఒకే జబ్బుకు రెండు మందులు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

డెస్క్‌టాప్ కథా అంతే. 1996లో మొదలైన కేడీఈ అనే డెస్క్‌టాప్, క్యూటీ అనే లైబ్రరీ మీద ఆధారపడింది. అప్పట్లో దాని లైసెన్సు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. అది గిట్టనివాళ్లు 1997లో గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ మొదలుపెట్టారు. 2000లో క్యూటీ కూడా జీపీఎల్ కిందికొచ్చింది, తగాదాకు కారణం పోయింది, గ్నోమ్ మాత్రం మిగిలింది. 2011లో గ్నోమ్ 3 టాస్క్‌బార్, మెనూ పద్ధతిని వదిలేస్తే, పాత పద్ధతే కావాలన్నవాళ్లు మాటే (MATE), సినమన్ అనే డెస్క్‌టాప్‌లు తెచ్చారు. విండోస్ 7కు అలవాటుపడిన చేతికి వాటితో వచ్చే మింట్ సులువుగా అనిపించేది అందుకే.

డెబియన్, ఉబుంటు, మింట్ సంబంధం కాకతీయుల గొలుసుకట్టు చెరువుల లాంటిది. పై చెరువు అలుగు దుంకితేనే కింది చెరువు నిండుతుంది. డెబియన్‌లో కట్టిన ప్యాకేజీలే చాలావరకు ఉబుంటులోకి, అక్కణ్నుంచి మింట్‌లోకి వస్తాయి. అందుకే ప్రోగ్రాములు ఎక్కించడానికి మూడింట్లోనూ ఆప్ట్ కమాండే. ఫెడోరా, రెడ్ హ్యాట్‌లది వేరే గొలుసు, అక్కడ డీఎన్‌ఎఫ్. చూడటానికి రకాలు వందలున్నా నేర్చుకోవాల్సిన పద్ధతులు మూడో నాలుగో.

ఇన్ని ఉండటం వల్ల ఒరిగేదేమిటో 2020 డిసెంబరులో తేలింది. రెడ్ హ్యాట్ లినక్స్‌కు ఉచిత రూపంగా వాడుకునే, 2029 దాకా నడుస్తుందనుకున్న సెంటాస్ 8ను 2021 చివరికే ఆపేస్తామని రెడ్ హ్యాట్ చెప్పింది. దాని మీద సర్వర్లు నడుపుతున్నవాళ్లు రోడ్డున పడాల్సిందే. కానీ కొన్ని నెలల్లోనే దాని బదులుగా అల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. డేటా కదపకుండా రిపాజిటరీలు, అంటే ప్యాకేజీలు దించుకునే చోట్లు మార్చుకుని ముందుకెళ్లే వీలు దొరికింది. అందమైన థీములకంటే, వాల్‌పేపర్లకంటే ఈ తప్పుకునే దారే పెద్ద ఆకర్షణ.

ల్యాబుకొస్తే, 4 జీబీ ర్యామ్ మెషీన్‌కు గ్నోమ్ ఉన్న ఉబుంటు బరువు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ చాలక డిస్కును వాడే స్వాప్‌లోకి జారుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే మింట్ గానీ, డెబియన్ గానీ చాలు. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లున్నాయి. హార్డ్ డిస్క్ తీసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే వేగం డిస్ట్రో మారిస్తే రాదు, డబ్బు ముందు అక్కడే పెట్టాలి. 32 బిట్ ప్రాసెసర్లున్న పాత నెట్‌బుక్‌లకు డెబియన్ 12 చివరి ఆశ, 2025లో వచ్చిన డెబియన్ 13లో ఆ ఇన్‌స్టాలర్ తీసేశారు. కోర్ 2 డ్యూయోలను చూసి భయపడనక్కర్లేదు, అవి 64 బిట్టే.

ఇన్‌స్టాల్ చేసే ముందు, దించుకున్న ఫైలు చెడిపోలేదని తేల్చే షా256 చెక్‌సమ్ సరిపోయిందో చూసుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రాసుకుని, లైవ్‌గా, అంటే పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి వైఫై, సౌండ్, ప్రింటర్ పరీక్షించాలి. విండోస్‌ను పక్కన ఉంచుకునేవాళ్లు అందులోని ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే, ఆ డ్రైవు లినక్స్‌లో చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. డెబియన్‌లో వైఫై దొరకదన్న పాత ఫిర్యాదు 2023 జూన్‌లో వచ్చిన 12తో చాలావరకు తీరింది, అప్పటి నుంచి వైఫై లాంటివాటికి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది.

ప్రింటర్ల దగ్గర జాగ్రత్త. చాలా ఆఫీసుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 దానంతటది పట్టుబడదు, కానన్ సొంత క్యాప్ట్ డ్రైవర్‌తో కుస్తీ తప్పదు. హెచ్‌పీ లేజర్‌జెట్‌లు ఎక్కువగా హెచ్‌ప్లిప్ అనే హెచ్‌పీ డ్రైవర్‌తో నడుస్తాయి, 1020 లాంటివాటికి ప్లగిన్ అదనంగా దించుకోవాలి.

ఇంకో అడ్డంకి కాలేజీల్లో వాడే పాత డాస్ కంపైలర్ టర్బో సీ. రికార్డు పుస్తకాల్లో ఏళ్లుగా కోనియో.హెచ్, clrscr ఫంక్షన్ రాసిన ప్రోగ్రాములు లినక్స్‌లోని సీ కంపైలర్ జీసీసీలో ఎక్కవు, ఆ హెడర్ ఫైలే అక్కడ లేదు. తీసేస్తే చాలా ప్రోగ్రాములు నడుస్తాయి. రికార్డు మార్చడానికి సార్లు ఒప్పుకోకపోతే పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్‌లో టర్బో సీ నడపవచ్చు, కాకపోతే పిల్లలకు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

డీటీపీ వాళ్లది వేరే బాధ. అను ఫాంట్లు యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు కూర్చినవి. వాటి కీబోర్డ్ ప్రోగ్రాము, పేజ్‌మేకర్ విండోస్‌లో నడిచేవే. పెళ్లి పత్రికలు, కరపత్రాలు అందులోనే ఉన్న షాపుకు ఏ డిస్ట్రో వేసినా పని ఆగుతుంది. అక్కడ ఒక మెషీన్‌ను విండోస్‌తోనే, ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం మేలు. కొత్త పనిని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టవచ్చు. ఐబస్ ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులతో పాటు అను వాడేవాళ్లలో చాలామందికి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది, కాబట్టి ఏళ్ల అలవాటు పూర్తిగా వృథా పోదు. పొల్లులు, వత్తులు సరిగా పడుతున్నాయో లేదో స్క్రీన్ మీద కాదు, పీడీఎఫ్ చేసి ప్రింట్ తీసి చూసుకున్నాకే గిరాకీ పని ఒప్పుకోవాలి.