సీటీ స్కాన్ పేచీ: 97 వెనక దాక్కున్న 25

దగ్గులు, జ్వరాల సీజన్ రాగానే పాత గొడవ మళ్ళీ లేచింది. వైరల్ న్యుమోనియా అని అనుమానం వస్తే ముందు స్వాబ్ తీయాలా, నేరుగా ఛాతీ సీటీకి పంపాలా? స్కాన్‌లో కనపడ్డాక ఇంకా స్వాబ్ దేనికని కొందరంటారు. కనపడింది ఏ రోగమో స్కాన్ చెప్పదు కదా అని మిగతావాళ్ళంటారు. వూహాన్ మార్కెట్ దగ్గర్నుంచి మొత్తం చెప్పుకు రానక్కర్లేదు. ఈ పేచీ పుట్టింది 2020 ఫిబ్రవరిలో, ఓ రెండు వారాల్లో.

ఆ నెల 13న చైనాలోని హుబే ప్రావిన్స్ లెక్క మార్చేసింది. టెస్టులు చాలక, ఫలితాలు ఆలస్యమవుతుంటే, లక్షణాలతో పాటు స్కాన్‌లో న్యుమోనియా ఉంటే కోవిడ్ కేసు కిందే రాసుకోమంది. ఒక్క రోజులో 14,840 కొత్త కేసులు తేలాయి. అందులో 13,332 ఇలా కలిసినవే. వారం తిరిగేసరికి ఆ పద్ధతి మానేశారు. కానీ స్కాన్ చూసి రోగం పేరు రాసేయొచ్చన్న మాట అప్పటికే ఊళ్ళు దాటింది.

అదే నెల 26న వూహాన్‌లోని టోంగ్జి ఆస్పత్రి డాక్టర్ల పేపర్ 'రేడియాలజీ' జర్నల్‌లో వచ్చింది. 1,014 మందికి స్వాబూ స్కానూ రెండూ చేశారు. స్వాబ్ పాజిటివ్ వచ్చిన 601 మందిలో 580 మందిని స్కాన్ పట్టుకుంది. అంటే 97 శాతం. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. దాని పక్కనే ఉన్న ఇంకో అంకె అక్కడే ఉండిపోయింది: స్వాబ్ నెగటివ్ వచ్చిన 413 మందిలోనూ 308 మందికి స్కాన్ పాజిటివే. సరిగ్గా 'లేదు' అని చెప్పగలిగింది 105 మందికి, అంటే 25 శాతం.

ఆ 308 మందిలో చాలామందికి నిజంగానే కోవిడ్ ఉండొచ్చని, తప్పింది స్వాబేనని రచయితలు వాదించారు. అందులో పస లేకపోలేదు. కానీ ఊరంతా ఒకే జ్వరంతో మూలుగుతున్నప్పుడు స్కాన్‌లో ఏ మచ్చను చూసి కోవిడ్ అన్నా ఎక్కువసార్లు నిజమే అవుతుంది. ఆ ఉధృతి తగ్గాక అదే మచ్చ ఫ్లూది కావచ్చు, అడినోవైరస్‌ది కావచ్చు, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కూడా కావచ్చు. పైగా ఆ నెలలోనే, ఆ జర్నల్‌లోనే 121 మంది రోగుల మీద ఇంకో పేపర్ వచ్చింది. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు స్కాన్ తీసిన 36 మందిలో 20 మందికి ఏమీ కనపడలేదు. స్కాన్ క్లియర్‌గా ఉంది, ఇక టెన్షన్ లేదు అనుకునేవాళ్ళు చదవాల్సిన పేపర్ అది.

మార్చి 11న అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తేల్చి చెప్పింది: స్క్రీనింగ్‌కి గానీ, రోగ నిర్ధారణలో మొదటి పరీక్షగా గానీ సీటీ వాడొద్దని. యంత్రాలు నడిపే వైద్యుల సంఘమే ఆ మాట అనడం గమనించాలి.

మన దగ్గర ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆర్టీపీసీఆర్ (స్వాబ్ టెస్టు) ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. స్కాన్ రిపోర్ట్ గంటల్లో చేతికొచ్చేది. రిపోర్ట్‌లో రెండు అంకెలుండేవి. కోరాడ్స్ 5 అంటే ఇది కోవిడ్ అనే అనుమానం చాలా ఎక్కువని. 9/25 అంటే ఊపిరితిత్తుల అయిదు భాగాలకీ తలా అయిదు మార్కులు పెట్టి కూడితే వచ్చిన తీవ్రత. ఇళ్ళలో ఈ రెండూ కలిసిపోయాయి. కోరాడ్స్ 5 చూసి రోగం ముదిరిందని ఏడ్చినవాళ్ళున్నారు.

మే 3న అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా, లక్షణాలు స్వల్పంగా ఉంటే సీటీ అనవసరమన్నారు. దానికి ఒక సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానమని జోడించారు. మన దేశ రేడియాలజిస్టుల సంఘం ఆ పోలిక పాతబడిందని, కొత్త యంత్రాల్లో అది 5 నుంచి 10 ఎక్స్‌రేలేనని బదులిచ్చింది. బాగా తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్‌ల వరకూ వాళ్ళ మాట సబబే. కాకపోతే చర్చంతా అటు మళ్ళి, స్కాన్ తీసి ఏం తెలుసుకుంటాం అన్న అసలు ప్రశ్న వెనకబడింది.

దానికి జవాబు, వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్షల్లో ఉంది. మొదటి విడతలో, అనుమానిత రోగుల్లో రోగం లేనివాళ్ళని సీటీ సరిగ్గా గుర్తించింది 18 శాతమే. 2021 మార్చి విడతకి అది 80 అయింది. ఏ మచ్చ కనపడినా పాజిటివ్ అనడం మాని, కోవిడ్ తీరులో ఉంటేనే అనడం అందుకు ఒక కారణం. సీటీని సమర్థించేవాళ్ళు ఈ 80నే చూపిస్తున్నారు. అది కోవిడ్ కోసం, కోవిడ్ రోజుల్లో లెక్కించిన అంకె. ఇవాళ్టి ప్రతి వైరల్ దగ్గుకీ అతకదు.

ఆంధ్రప్రదేశ్‌లో స్కాన్ ధరని 2021 ఏప్రిల్‌లోనే 3,000 రూపాయలకి కట్టడి చేశారు. తెలంగాణలో 1,995 అని జీవో వచ్చింది జూన్ చివర్లో. అప్పటికి రెండో వేవ్ తగ్గింది, సెంటర్ల ముందు క్యూలూ తగ్గాయి.